ఫ్రీడా ముట్టిన ఇస్తారు

యాకుత్‌పురా,
హైదరాబాద్

చిరంజీవి అల్లుడు నిఖిలేష్‌కు నీ అత్త నీలమ్మ దీవించి రాస్తున్నది. నేనూ మీ మామా ఉన్నం. బాగున్నమని రాయాలె గని, బిడ్డ కీర్తి పోయినంక ఆ మాట రాయబుద్ధయితలేదు. తింటున్నం, పంటున్నం, గంతే. జర్మనీల చలి మస్తుగున్నది అన్నవు. తలకు టోపీ లేకుండ బయటికి పోకు.

నాకు చదువు తక్కువ, తప్పులుంటె సర్దుకొని చదువుకో. ఫోన్ల చెప్పొచ్చు గని నువ్వు వీడియో ఫోన్ ఎత్తంగనే ఎనుక ఆ కుక్క కనబడ్తది, నా నోరు మూతపడ్తది. అందుకే కాయిదం మీద పెడుతున్న.

మామ సంగతి అడిగినవు. బీపీ గోలీలు ఏసుకుంటున్నడు. రైల్వే నౌకరీ అయిపోయినా పొద్దున స్టేషన్ దాక పోయి వచ్చే బండ్లు చూసొస్తడు. అన్నం సగమే తింటున్నడు.

ఇగ కుక్క సంగతి. కీర్తి లేదు కాబట్టి, ఆమె ఫిట్స్ కోసమని నేర్పిచ్చి తోడుకు ఫ్రీడాను ఇచ్చిన సంస్థోళ్లు నీకు రెండు తొవ్వలు చెప్పిన్రని రాసినవు. ఉంచుకుంటె మామూలు కుక్క లెక్క నీ పేరు మీద ఎక్కించుకోవాలె, మీ ఊరికి కుక్క పన్ను కట్టాలె, ఇంక దుకాణాలల్లకు దవాఖానలకు దాన్ని రానియ్యరు. లేకుంటె వాపస్ ఇయ్యాలె, ఫిట్స్ వచ్చే ఒక బడిపిల్ల దాని కోసం ఎదురుచూస్తున్నది. "అత్తమ్మా, మీరు ఎట్లంటె అట్ల" అని నా మీద పెట్టినవు.

నా మీద ఎందుకు పెట్టినవు బిడ్డా. దాని పేరింటెనే నాకు కడుపు మండుతది.

ఫిట్స్ వచ్చే ముందే అది పసిగడ్తదని, చెయ్యి నాకి తనను కింద కూసోబెడ్తదని కీర్తి ఫోన్ల చెప్పుకుంట నవ్వేది. అది నా పని కదా. చిన్నప్పటి సంది ఆమె కన్ను ఒక దిక్కు తిరిగితె సాలు, చేతిల ఏమున్నా పారేసి ఉరికేదాన్ని. బడి లోపటికి తల్లులను రానియ్యమంటె గేటు బయటనే కూసున్న. బస్సుల ఫిట్స్ వస్తె నడుమ తొవ్వల దించేసిన్రు మమ్ముల. మీ కాడ ఆ కుక్క బస్సెక్కుతది, ఆఫీసుల బల్ల కింద పంటది, ఎవ్వలన్న ఆపితె ఖానూన్ తప్పు చేసినట్టట. మొదలు ఇన్నప్పుడు నవ్విన. ఫోన్ పెట్టినంక నవ్వు రాలే.

ఆఖరికి ఫిట్స్ ఆగక దవాఖానల పడ్డప్పుడు గూడ దాన్ని మంచం కాడ ఉండనిచ్చిన్రు. నా వీసా కాయిదాలయ్యేసరికి నా బిడ్డే లేకపాయె. దానికి పాస్‌పోర్టు గూడ ఉన్నదని నువ్వే చెప్పినవు, పక్క దేశాలకు అది చూపించి పోవచ్చట. దానికి హక్కున్నది. నాకు వీసా ఆఫీసోళ్లు తారీకు ఇచ్చిన్రు.

పక్కింటి మున్నీకి చెప్పుకున్న. మిషన్ కుట్టుడు ఆపి నా మొఖం చూసింది. "కుత్తే సే జలన్ కైకు మా?" అన్నది, కుక్కను చూసి కుళ్లుడెందుకమ్మా అని.

"మనిషైతె జుట్టు పట్టుకునేదాన్ని మున్నీ. కుక్కతోని లొల్లి ఎట్ల పెట్టుకోవాలె?" అన్న.

ఆమె నవ్వింది, నేనూ నవ్విన. నవ్వుకుంటనే ఏడ్చినం.

ఇంకో మాట భయపడుకుంట అడిగినవు. మూడొద్దుల నాడు పిట్టకని బాల్కనీల ఆకుల అన్నమేసి ఇస్తారు పెడితె పిట్ట రాకముందే ఫ్రీడా మూతి పెట్టింది, దోషమా అని. ఇక్కడ ఏమయిందో నీకు చెప్పలే. ఆమెకిష్టమని గారెలు, పచ్చిపులుసు, తలకాయ కూర చేసి మిద్దె మీద పెట్టినం. కాకులు గోడ మీద కూసొని చూసినయ్ గని ముట్టలే. ఏ కోరిక మిగిలిందో అని మామ చేతులు జోడించి "నీ మొగన్ని మంచిగ చూసుకుంటం బిడ్డా" అన్నడు. ముట్టలే. నీ బట్టలు ఎవ్వలికియ్య అని నేనన్న. అప్పుడూ ముట్టలే. ఎండ నెత్తికొచ్చినంక పెద్దమనుషులు గడ్డితోని కాకిని చేసి ముట్టిచ్చిన్రు. నా చేతి వంట నా బిడ్డ తినలే. నువ్వు సగం మాడగొట్టిన అన్నం కుక్క మూతితోని తిన్నది. దోషం కాదు, ఫికర్ పడకు. నాకు దక్కలేదన్న మంట నాది.

సంవత్సరీకానికి మీ కాడికి రమ్మంటె మోకాళ్ల నొప్పి అని చెప్పిన. మోకాళ్లు మంచిగనే ఉన్నయ్, మొన్న చార్మినార్ దాక నడిచి పోయొచ్చిన. నేను వద్దన్నది ఆ కుక్కను చూడలేక. తలుపు తీయంగనే నా బిడ్డ వాసనతోని ఎదురొస్తది. తంతనో, పట్టుకొని ఏడుస్తనో నాకే తెల్వది.

మామ ఉంచుకోమన్నడు, బిడ్డ గుర్తని. నాకు గుర్తు గురించి గాదు, ఇంకెవ్వలకూ దక్కొద్దని అనిపించింది. ఆ బడిపిల్ల తల్లి మీద గూడ కుళ్లు పుట్టింది. నా బిడ్డను కాచిన కుక్క ఆమె బిడ్డను కాస్తది, ఆమె నిమ్మళంగ పంటది. ఇప్పుడైతె పంటలేదు. అది నాకు ఒకరు చెప్పాల్నా?

ఇచ్చెయ్యి బిడ్డా. కుళ్లు పోయి చెప్తలేను, కుళ్లుతోనే చెప్తున్న. టికెట్ తీయి, సంవత్సరీకానికి వస్త. నేను వచ్చేదాక మాత్రం దాన్ని ఉంచకు. ఒక్కపారి నా చేతికి చిక్కితె ఇంక ఎవ్వలకూ ఇయ్యనియ్య.

ఇట్లు,
కీర్తి తల్లి, నీ అత్త
నీలమ్మ