చందనం తడి

రాయగడ,
14-8-2003

చిరంజీవి కన్నారావుకు వదిన ఆశీస్సులు.

ఎదురుగా చెప్పలేక నువ్వు సునాబెడ వెళ్లేదాకా ఆగాను. సోమవారం వచ్చి పెట్టెను పాత ఇనుముకు ఇచ్చేస్తావని మీ అన్నయ్య చెప్పడంతో ఇక రాయక తప్పలేదు.

నెలలు నిండని పిల్లలను వెచ్చగా ఉంచేందుకు నువ్వు చేసిన ఆ పెట్టెకు సర్కారువారి పరిశోధన గ్రాంటు కోసం మూడేళ్లు తిరిగావు. తీరా చూడవచ్చిన ఆఫీసరు, పెట్టె ముప్ఫై ఆరు డిగ్రీలు చూపిస్తుంటే తన థర్మామీటరు ముప్ఫై తొమ్మిది చూపిందని, దీన్ని నమ్మలేమని రాసి వెళ్లారు. మీ అన్నయ్య, "ఏటిరా, ఇడ్లీలకైనా పనికొస్తాదా?" అన్నారు. నువ్వు నవ్వలేదు. "నా సేతిలోనే ఏదో తప్పుంది వదినా" అన్నావు.

తప్పు నాది. ఆ ఉదయం ఆఫీసరు వచ్చేముందు, నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు పెట్టెకు పూజ చేశాను. లోపల వేడిని కొలిచే మొనకు కూడా, అడుగువైపు, తడి చందనం అద్దాను. ఆ చల్లదనానికి మోసపోయి పెట్టె ఇంకా వేడెక్కి ఉంటుంది. నిన్న తుడిచి, జ్వరం థర్మామీటరు లోపల పెట్టాను. రెండూ ఒకటే చూపాయి. మూడుసార్లు చూశాను.

నెలలోపు రెండో పరీక్ష అడగవచ్చని వాళ్ల కాగితంలోనే ఉంది. అడుగు నాయనా. నారాయణపట్న నుంచి బస్సులో ఆసుపత్రికి తెస్తుండగా, మనకు పాలు పోసే కుంతి ఒడిలోనే చల్లబడిపోయిన, నెలలు నిండని ఆమె మనవరాలిని నువ్వు మరిచిపోలేదు.

ఈసారి బొట్టు గుమ్మానికి పెడతాను.

ఈ ఉత్తరం దాచుకో. మీ అన్నయ్యకు మాత్రం చూపించకు, పూజే మానేయమంటారు.

వదిన