సాంబయ్య ఎందుకలా చెప్పాడు?

మంగళవారం, అవనిగడ్డ

కాలవ చివరి చేలకు మూడు రోజులుగా నీళ్ళు అందడం లేదు. వరి పొట్ట మీదుంది. ఇరిగేషన్ ఏఈని అయ్యుండీ కారణం నాకు అంతుపట్టలేదు. నీళ్ళు వదిలే లస్కరు సాంబయ్య ముప్పై ఏళ్ళుగా ఈ కాలవ గట్టు మీదే తిరుగుతున్నాడు. అతన్ని అడిగితే, "మేడం గారికి ఏమీ తెలీదు" అని ఊరంతా చెప్తాడని నా అనుమానం. అందుకే మ్యాపులు తిరగేస్తూ కూర్చున్నాను.

పొద్దున ఒక రైతు ఎండిన మట్టిపెళ్ళ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ఇక ఆగలేక సాంబయ్యను అడిగేశాను.

"వంతెన కింద తూముకి గుర్రపుడెక్క అడ్డం పడిందండి" అన్నాడు.

"మరి ముందే చెప్పలేదేం?"

"మొన్న చెప్పబోతే, నాకు తెలుసులే అన్నారు కదండీ."

మధ్యాహ్నానికల్లా తీయించాం. సాయంత్రానికి చేలల్లోకి నీళ్ళు పారాయి. రైతులు వచ్చి దణ్ణం పెట్టారు.

"తూము సంగతి మీరే కనిపెట్టారని సాంబయ్య చెప్పాడండి" అన్నారు.

నేను కాదనలేదు. సాంబయ్య పక్కనే తల దించుకుని నిలబడ్డాడు.

ఎందుకలా చెప్పాడు? రేపు నాతో ఏదైనా పని పడుతుందనా? లేక నిజంగానే నా పరువు కాపాడాలనుకున్నాడా? అది తేల్చుకోలేక, థాంక్స్ అయినా చెప్పకుండా జీపెక్కేశాను.