నాన్న తుపాకీకి వార్నిష్ వద్దు

లూడీ అక్కకు, బ్యూట్ గనుల నుంచి ఆర్విల్. బతికే ఉన్నాను, అమ్మకు చెప్పు.

నాన్న ఉడతల వేట తుపాకీకి మన పొరుగింటి హోబర్ట్ పదిహేను డాలర్లే ఇస్తానన్నాడని, మెరిస్తే ఇంకాస్త పలుకుతుందని వార్నిష్ కొన్నావట. డబ్బా మూత తీయకు! నిన్న ఇక్కడి పాత తుపాకుల కొట్టుకు వెళ్లాను. అచ్చం నాన్నదే అన్నట్టున్న తుపాకీని, వెలిసిన రంగుతోనే, ముప్పై అయిదుకు పెట్టారు. అంతలో ఒకతను వార్నిష్ కొట్టి మెరిపించిన అలాంటి తుపాకీనే అమ్మడానికి తెచ్చాడు. కొట్టు ముసలాయన నవ్వాడు. "దీనికి తలంటు పోశావు నాయనా! ధర కూడా కడుక్కుపోయింది. పది ఇస్తా, పో."

ఈ రకం తుపాకీలో తూటాను పేల్చే సూది దాని అంచునే కొడుతుంది. తూటా లేకుండా మీట నొక్కితే గొట్టానికే తగిలి సొట్ట పడుతుంది. కొట్టు ముసలాయన మొట్టమొదట ఆ సొట్ట ఉందేమోనని తడిమి చూశాడు. హోబర్ట్ వచ్చినప్పుడల్లా ఖాళీ తుపాకీని టకటకలాడిస్తాడు, ఆ వెధవ చేతికి ఇవ్వకు.

అమ్మ దగ్గు తగ్గిందా? ఊలు మేజోళ్లు పంపు.

కొట్టు మూసేదాకా అక్కడే నిలబడ్డాను. ఈ వారం నాతో మాట్లాడింది ఆ ముసలాయనొక్కడే. అమ్మక తప్పకపోతే ముప్పై అయిదుకు నాకే అమ్ము, జీతం రాగానే పంపుతాను. తుపాకీ మాత్రం పంపకు. ఈ అద్దె గదిలో గోడకు మేకు కొట్టనివ్వరు. మీరంతా చల్లగా ఉండండి, అదీ అక్కడే ఉండనీ.

ఆర్విల్