దీపం మీద ఎర్ర మరక

మలయా, బంటింగ్ దగ్గర తోట నుంచి,
1955, మంగళవారం

మా రాసమ్మక్కకు,

క్లాంగ్ నుంచి నువ్వు పంపిన గాజులు అందాయి. వేసుకున్నాను గానీ మనసు మనసులో లేదు. మీ మరిది రాష్ట్ర కౌన్సిలు ఎన్నికకి నిలబడ్డారని విన్నావు కదా. రబ్బరు తోటలో హాజరు పట్టీ రాసుకునే కిరాణీ, పట్నం లాయరు మీద పోటీ! పార్టీ వాళ్ళొచ్చి, "మెర్డెకా, అదే స్వరాజ్యం, వస్తోంది, కూలీల తరఫున లోపల ఒక మనిషి ఉండాలి" అన్నారు. ఈయన పొంగిపోయారు. అన్నం ముందు కూర్చున్నా పార్టీ గెలుపు గొడవే. "చీనావాళ్ళ అంగళ్ళ వీధి మనది కాదు, మలాయివాళ్ళ పల్లె, ఆ కంపంగు, సగం సగం, మన కూలీ లైను మాత్రం గంపగుత్తగా మనదే" అంటారు. పొద్దున్న గెలుస్తామంటారు, మధ్యాహ్నానికి పరువు పోతుందంటారు. నా తల తిరిగిపోతోంది.

గుర్తు ఏది పెట్టుకోమంటావని నన్నడిగితే దీపం అన్నాను. ఆడవాళ్ళు మరిచిపోరని. "బుర్రంటే నీదే" అని మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడదే మెడకు చుట్టుకునేలా ఉంది. నిన్న లైనులోని ఆడవాళ్ళంతా మా గుమ్మంలోకి వచ్చారు. అందరికంటే ముందు పాపాయి. పేరు పాపాయి గానీ వయసు అరవై. ఈయన వాళ్ళకి ఓటు చీటీ చూపించి, దీపం బొమ్మ దగ్గర పెన్సిలుతో అడ్డంగా రెండు గీతలు కొట్టాలని నేర్పారట.

"అదేటమ్మా! దీపం ఆరిందని నోటితో అనం, కొండెక్కిందంటాం. అలాంటి దీపాన్ని కొట్టేయమంటాడేటి కిరాణీ అయ్యా? ఆయనింటికే అరిష్టం కాదా?" అంది పాపాయి.

నాకు నవ్వొచ్చింది. నవ్వాను గానీ ఆ అరిష్టం మాట తీసి పారేయలేకపోయాను. మరేం చేస్తారని అడిగాను.

"బొట్టెడతాం. దీపానికెట్టేది బొట్టే గదా?"

అందరూ నా మొహమే చూస్తున్నారు. నేనేమన్నానో తెలుసా? "పెట్టండి, ఏది పెట్టినా ఆయనకే కదా పడేది" అన్నాను. అనేశాక అనుమానం పట్టుకుంది. ఆయన్ని అడుగుదామంటే మీటింగుల మీద మీటింగులు, ఇంట్లో నిలవడం లేదు. అడిగితే నవ్వుతారని భయం కూడా. బావగారిని కనుక్కుని వెంటనే రాయి. ఎన్నిక శనివారమే.

నీ చెల్లెలు,
గుణవతి

*

తోట నుంచి, గురువారం

అక్కా,

నీ జవాబు ఇవాళ చేరింది. "బొట్టు చెల్లదు, గీతే పెట్టాలి" అని బావగారు పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ఓడిపోయారు. ఐదొందల పైచిలుకు తేడా. ఓడినందుకు నేను ఏడవడం లేదు. నా ఏడుపు వేరు.

లెక్క పెట్టేటప్పుడు ఎర్ర మరకలున్న చీటీలు నలభై ఒకటి వచ్చాయట. పార్టీ మనిషి వేలాయుధం వాటిని చూసి, "అణ్ణే, ఇది తమలపాకు ఉమ్మి! మీ లైనువాళ్ళు మీ దీపం మీద ఉమ్మేశారు" అన్నాడట. లైనులో ఆకు నమలని ఆడది లేదు కదా, ఈయన నమ్మేశారు. చెల్లవని ఒప్పుకుని సంతకం చేసి వచ్చేశారు.

వచ్చినప్పటి నుంచి లైను వైపు తొంగి చూడలేదు. "గుర్తింపు కార్డు నేదని పోలీసులు పట్టుకుపోతే ఇడిపించినోణ్ణి నేను. బియ్యం కోత పెడితే దొరతో తగువాడినోణ్ణి నేను. గేటు కాడ ఆడోళ్ళని ఆడ పోలీసే సోదా సెయ్యాలని అర్జీ రాసినోణ్ణి నేను. నా మీద ఉమ్మేసినారే!" అని ఒకటే బాధ. తెలియక కాదు, కావాలనే చేశారని ఆయన నమ్మకం. ఉద్యోగం మానేస్తానని దొరకి కాగితం రాసి పెట్టుకున్నారు. మద్రాసు ఓడకి టిక్కెట్లు తెప్పించారు. పుట్టింది ఇక్కడే అయినా తాతల ఊరు శ్రీకాకుళం పోదామంటారు. అక్కడ మనకెవరున్నారక్కా? నేను ఆ ఊరి పేరు వినడమే గానీ చూసిన పాపాన పోలేదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. ఆ నలభై ఒకటిలో ఒకటి నాది. పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా దీపం, పక్కన ఆయన పేరు. ఆ రెంటినీ కొట్టేసినట్టు గీత గీయాలి. ఎంత చదువుకున్నా చెయ్యాడలేదు. అడవిలోని కమ్యూనిస్టులకి బియ్యం చేరకూడదని గేటు దగ్గర సోదాలో కొంగుముడి కూడా విప్పిస్తున్నారు కదా, కుంకుమ పొట్లం ఎవరూ తీసుకెళ్ళలేదు. నుదుటి మీది తడి బొట్టు వేలికి అద్ది దీపానికి పెట్టాను. మిగతా వాళ్ళూ అంతే.

చెప్తే ఉమ్మారన్న బాధ పోతుంది. కానీ తన ఓట్లు చెడగొట్టింది సొంత పెళ్ళామేనన్న బాధ వస్తుంది. ఇందులో ఏది చిన్న బాధో నాకు పాలుపోవడం లేదు. ఓడ ఇంకా తొమ్మిది రోజులుంది.

గుణవతి

*

తోట నుంచి, సోమవారం

అక్కా,

నీ ఉత్తరం కోసం ఆగలేకపోయాను. చెప్పేశాను.

ఆదివారం మధ్యాహ్నం ట్రంకు పెట్టె సర్దుతూ, గోడకి అంటించిన ప్రచారం కాగితం పీకబోయారు. ఆగమన్నాను. నుదుటి మీద వేలు అద్ది, ఆ కాగితం మీది దీపానికి బొట్టు పెట్టాను. "వేలాయుధం చూపించిన ఉమ్మి ఇదేనా?" అని అడిగాను.

దగ్గరికొచ్చి చూశారు. వేలితో ముట్టుకుని వాసన చూశారు. "నలభై ఒకటీ ఇదేనా?" అన్నారు.

"ఒకటి నాది. మిగతా నలభైకీ సలహా నాదే."

కొడతారేమో అనుకున్నాను. పెట్టె మీద కూలబడ్డారు. "మొక్కి బొట్టెట్టినారే గుణవతీ. ఆటిని పనికిరావని నా సేత్తో సంతకం సేసినాను" అని వెక్కి వెక్కి ఏడ్చారు. నా మీద కోపం రానందుకు నాకింకా ఏడుపొచ్చింది.

ఇవాళ తెల్లవారి హాజరు వేళకి నేనూ వెంట వెళ్ళాను. పాపాయి నడుం మీద చెయ్యేసుకుని ఎదురొచ్చింది. "ఏటయ్యా, మొహం సాటేసినావు? మేవందరం బొట్లెట్టినాం గదా, ఎలాగ ఓడిపోనావు?"

ఆయన అంతా చెప్పారు. ఉమ్మి మాట మాత్రం మింగేశారు. బొట్టు చెల్లదని, మెర్డెకా వచ్చాక మళ్ళీ ఎన్నిక వస్తుందని, అప్పుడైనా గీత పెట్టమని బతిమాలారు.

"గీతే రూలైతే నువ్వే గుర్తు మార్సుకో. దీపం మీద మా సేత గీయించలేవు. పాము ఎట్టుకో" అంది పాపాయి.

"పామా? నాగమ్మ తల్లిని కొట్టేస్తావా?" అని వెనక నుంచి కమలం గయ్యిమంది. గొడ్డలి అన్నారెవరో. ఆయుధపూజకి గొడ్డలికి బొట్టు పెట్టమా అన్నారింకెవరో. పోలీసులు గేటు తీసినా ఎవరూ కదలరు. ఆయన నవ్వడం పదిరోజుల తర్వాత అప్పుడే చూశాను.

దొరకి రాసిన కాగితం చింపేశారు. టిక్కెట్లు ఈ కవరులోనే పెట్టాను, బావగారితో వాపసు చేయించు. పార్టీ ఈసారి తప్పక గెలుస్తుందట, మళ్ళీ మొదలు. గుర్తు దగ్గరే ఆగిపోయారు. ఏనుగంటే వినాయకుడు, ఆవంటే లక్ష్మి, చెట్టంటే అమ్మవారు, చివరికి రోలుకీ రోకలికీ కూడా పెళ్ళిలో బొట్టు పెడతాం. దేనికి పెట్టం అక్కా మనం? నీకేదైనా తోస్తే ఆయనకే రాయి. నన్నడిగితే ఈసారి నోరు విప్పలేదు.

ఎక్కడికీ వెళ్ళని నీ చెల్లెలు,
గుణవతి