ఒంటె మూపురంలో నీళ్లు లేవట!

సోమవారం, ఉదయం 6:10
మున్నీకి క్లాస్ టెస్టులో సున్నా. ప్రశ్న: ఒంటె మూపురంలో ఏముంటుంది? మూడో తరగతి పిల్ల నా మాట నమ్మి రాసింది: నీళ్లు, ఇరవై లీటర్లు, ఒక క్యాన్. ఉండేది కొవ్వట!
"నాన్నా, నువ్వు చెప్పినయన్నీ గిట్లనేనా?" అంది. మనసు చివుక్కుమంది.
తీర్మానం: 1. తెలియనిది అడిగితే "తెలియదు" అంటాను. 2. రోజూ పొద్దున పుస్తకంలో ఒక పెద్ద జంతువు గురించి చదువుతాను. ఆదివారం జూపార్కులో మున్నీకి అన్నీ నిజాలే!
రజిత నవ్వింది. కట్టుకున్నది కదా, మా వంశం సంగతి తెలుసు. దారి అడిగిన మనిషిని ఉత్తచేతులతో పంపకూడదనేవారు మా నాన్న సోమయ్య. తెలిసినా, తెలియకపోయినా.

మంగళవారం, 6:00
ఏనుగు. నేల మీద దీన్ని మించిన జంతువు లేదు. కడుపులో పిల్లను ఇరవై రెండు నెలలు మోస్తుంది.
"తొమ్మిది నెలలకే నాకు చుక్కలు కనబడ్డయి" అంది రజిత.
భేష్!!

బుధవారం, 6:40
జిరాఫీ. అంత మెడలో ఎముకలు ఏడే! మనకూ ఏడే! తడుముకుని లెక్కపెట్టాను. నాలుగు దొరికాయి.

గురువారం, 7:50
ఖడ్గమృగం. కొమ్ము మన గోళ్లలాంటి పదార్థమే. ఇంకా చదవచ్చు కానీ దోశ చల్లారుతోంది.
ఆఫీసులో ఆలిస్ మేడమ్ అది ఎన్నేళ్లు బతుకుతుందని అడిగారు. నూట పది అన్నాను. ఆఫీసు లెక్కలోకి రాదు. తీర్మానం ఇంటివరకే.

శుక్రవారం, 8:20
నీటి ఏనుగు. పుస్తకం తెరిచాను. మూశాను. ఎల్లుండి ఎలాగూ ఎదురుగానే కనబడుతుంది.

శనివారం
శనివారం కొత్త పాఠం మంచిది కాదు.

ఆదివారం, ఉదయం 8:15
కార్ఖానా బస్తీలో మా ఇంటి గేటు ముందు స్కూటర్ ఆగింది. పట్టుచొక్కా, చేతిలో పెళ్లి గిఫ్టు. "అన్నా, పసుపుతోట ఫంక్షన్ హాల్ యాడ?"
ఎప్పుడూ వినలేదు. "సీదా పో, అల్వాల్‌ల ఉంటది" అన్నాను. మున్నీ ఇంట్లో బూట్లు వేసుకుంటోంది, వినలేదు.

ఆదివారం, సాయంత్రం 6:00
ఏనుగు, జిరాఫీ దగ్గర మున్నీ కళ్లు మెరిశాయి. నీటి ఏనుగు దగ్గర, "నాన్నా, ఇది ఈతగొడతదా?" అంది. తెలియదు అనబోయాను. పక్క కుటుంబం ఎనిమిది మందీ నా వైపే తిరిగారు!
"దినాం ముప్పై కిలోమీటర్లు. ఎల్లెలకల పండుకొని సుత" అన్నాను.
వెనక బోర్డు. మున్నీ గట్టిగా చదివింది: ఈదలేదు, నీటి అడుగున నడుస్తుంది. వాళ్లు పడీపడీ నవ్వారు. మున్నీ నవ్వలేదు. నా చేయి వదిలేసింది. ఇంటిదాకా పట్టుకోలేదు. ఏడుపొచ్చింది, నిజంగా.
మా ఇంటి గేటు దగ్గర అదే స్కూటర్. గిఫ్టు ఇంకా అతని చేతిలోనే ఉంది! "అన్నా, పసుపుతోట ఫంక్షన్ హాల్..."
మున్నీ నా మొహమే చూస్తోంది. ఎలాగో అన్నాను: "తెల్వదు."
వంశంలో మొదటిసారి!
అతను హెల్మెట్ తీసి నన్ను పరీక్షగా చూశాడు. "పొద్దుగాల అల్వాల్ అన్నది నువ్వే కదనే! ఆడ పదిమందిని అడిగిన, పది దార్లు చెప్పిండ్రు. ఫోన్ జేస్తే సీతాఫల్‌మండి అంటున్నరు. పెళ్లి అయిపోయిందంట, గిఫ్టన్న ఇద్దామని తిరుగుతున్న!"
మున్నీ పకపకా నవ్వింది. నా చేయి పట్టుకుంది. "అంకుల్, ఇప్పుడైతే నిజమే చెప్పిండు" అంది.

సోమవారం, ఉదయం 6:10
మొదటి రోజు. మళ్లీ.
"ఏనుగు దినాం ఎన్ని గంటలు పండుకుంటది నాన్నా?"
"తెల్వదు బిడ్డా. చూద్దాం." ఇద్దరం పుస్తకం తీశాం. పేజీ దొరకడం లేదు.
"ఎన్ని గంటలంట?" వంటింట్లోంచి రజిత.
"పదహా..." అన్నాను. మున్నీ గిచ్చింది.