రౌటరులో పెట్టించిన కాపలా

ఆళ్లగడ్డ, ఆదివారం రాత్రి

రేపు ఉదయం మనవరాలు భారతికి వీడియోలో ఉద్యోగపు ఇంటర్వ్యూ ఉంది. పోయినసారి మాట మధ్యలో బొమ్మ ఆగిపోయి ఆ ఉద్యోగం చేజారింది. ఈసారి నెట్ బాగుంటుందని నంద్యాలలో స్నేహితురాలి ఇంటికి పోతానంటే నేను ఒప్పుకోలేదు. సాయంత్రం తనే మా పాత రౌటరు సెట్టింగులు తెరిచి చూసింది.

"జేజీ, లైను బాగానే ఉండాది. నేను ఏం చూస్తాండానో, ఎంత వాడుతాండానో లెక్క రాయమని నువ్వు పెట్టిచ్చినావు కదా, దీనికుండే కాస్త సత్తువ దానికే సరిపోతాంది. ముసల్దానికి రెండు పనులు యాడ చేతనైతాయి?"

"ఎవరే ముసల్ది?"

"రౌటరు జేజీ!" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. తల్లి లేని పిల్ల. ఆ లెక్క చూసుకుంటేగాని నాకు నిద్ర పట్టదు. అయినా ఆ కాపలాకు విడిగా పెట్టించుకున్న పాస్‌వర్డు నేనే కొట్టి దాన్ని తీయించాను. తర్వాత స్నేహితురాలితో వీడియోలో మాట్లాడి చూసింది. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఇంటర్వ్యూ అయిపోతానే మళ్లా పెట్టుకో జేజీ," అని చెప్పి పడుకుంది.

కోపంగా అని ఉంటే తప్పక పెట్టేదాన్ని. అంత మెత్తగా అన్నాక ఏం చేయాలో తోచడం లేదు.