మెత్తబడిన మరమరాలు

శుక్రవారం రాత్రి

ఈ టర్మ్‌లో సిరి వాళ్ల ఆరో తరగతికి వారానికో యాక్టివిటీ. ఇవాళ పొయ్యి లేని వంట. చేసి, ఎలా చేసిందో క్లాసు ముందు చెప్పాలి. పోయిన మీటింగులో టీచర్ "మీ పాప క్లాసులో నోరే విప్పదు" అన్నప్పటి నుంచి నాకదే బెంగ.

అక్కడ తడబడుతుందేమోనని పొద్దున్నే నేనే మరమరాల్లో ఉల్లిగడ్డ, టమాటా, నిమ్మరసం కలిపి డబ్బాలో పెట్టాను. దాని వంతు భోజనాల తర్వాత వస్తుందని తట్టలేదు.

సాయంత్రం వస్తూనే నవ్వింది.

"డబ్బా తీస్తే అంతా ముద్దయిందమ్మా. గిట్లెందుకైందని టీచర్ అడిగింది."

"ఏం చెప్పినవే?"

"మా అమ్మకు తొందరెక్కువ మేడం, పొద్దుగాలే కలిపింది, టమాటా నీళ్లకు మెత్తబడ్డది, తినే ముందే కలపాలె అని చెప్పిన. అందరు నవ్విన్రు. మంచిగ చెప్పినవ్ అన్నది టీచర్."

"నిన్ను అననీకైతే నోరొచ్చింది చూడు" అని ఆయన ఒకటే నవ్వు.

నా పరువు పోయింది. పోతే పోయింది, పిల్ల నలుగురిలో మాట్లాడింది. చాలా రోజుల తర్వాత గుండె తేలికైంది.

వచ్చే వారం సరూర్‌నగర్ చెరువు చూసొచ్చి దాని గురించి చెప్పాలట. ఈసారి నేను వేలు పెట్టకూడదు. పెట్టకుండా ఉండగలనో లేదో…